కిట్టులో లేని సగం

1980 ప్రాంతాల్లో మన ఊళ్లలో దొరికిన రేడియో కిట్టు పెద్ద డబ్బా ఏమీ కాదు, పైన స్టేపుల్ కొట్టిన పాలిథిన్ కవరు. అందులో ముప్పావు సెంటీమీటరు పొడవున్న గాజు డయోడు, తిప్పితే విలువ మారే గాంగు కండెన్సరు, ఒకటి రెండు సిరామిక్ కండెన్సర్లు, రంగు చారల రెసిస్టెన్సులు, ఎనామెల్ పూసిన రాగి తీగ చుట్ట, చెవిలో దూర్చుకునే క్రిస్టల్ ఇయర్‌ఫోను ఉండేవి. వీటితో పాటు సైక్లోస్టైలు చేసిన కాగితం ఒకటి. దాని మీద సర్క్యూటు బొమ్మలో కొన్ని గీతలు అచ్చు పడేవే కావు. బ్యాటరీ ఉండదు, బ్యాటరీ పెట్టే చోటూ ఉండదు. ఇంకాస్త డబ్బు పెట్టగలిగితే ఒక ట్రాన్సిస్టరు, పెన్సిల్ సెల్లులు పట్టే క్లిప్పు కూడా ఉన్న కిట్టు వచ్చేది. దాన్ని వన్ ట్రాన్సిస్టర్ సెట్ అనేవాళ్లం.

ఆ కవర్లు కొన్న పిల్లలు ఇప్పుడు అరవైకి అటూ ఇటూ ఉన్నారు. వాళ్లలో నేనూ ఒకణ్ని. ఇద్దరు ముగ్గురం కలిస్తే మాట ఎటు పోయినా చివరికి కోఠీ గుజరాతీ గల్లీకో, మద్రాసు రిచీ స్ట్రీట్‌కో చేరుతుంది. ఫలానా కొట్లో ఓఏ 79 డయోడు ఎంతకు ఇచ్చేవాడో, ఫలానా కొట్లో గాంగు బేరమాడితే ఎట్లా కసురుకునేవాడో గుర్తు చేసుకుంటాం. ఆ తరువాత ఎవరో ఒకరు, ఈ కాలం పిల్లలకి ఏం తెలుసండీ, మనం రేడియో మన చేత్తో చేసుకున్నాం అని ముక్తాయిస్తారు. అందరం తలలూపుతాం.

ఆ మాటలో నిజం సగమే. మేం కట్టింది సగం రేడియో. మిగతా సగం, ఖరీదైన సగం, కరెంటు తాగే సగం, విజయవాడలో ఆకాశవాణి వాళ్ల దగ్గర ఉండేది. కవర్లో పెట్టి అమ్మలేదు కాబట్టి దాన్ని ఎవరం లెక్కలో వేసుకోలేదు. బ్యాటరీ లేని రేడియో ఎట్లా పలికిందో తెలియాలంటే ఆ రెండో సగం దాకా వెళ్లాలి. దారి మాత్రం కవర్లోంచే మొదలవుతుంది.

మొదటి పని కాయిల్ చుట్టడం. రెండంగుళాల వ్యాసం ఉన్న అట్ట గొట్టం తీసుకోవాలి. బట్టల దుకాణంలో తాను చుట్టే గొట్టం అయితే భేషుగ్గా ఉంటుంది. ఒక చివర పక్కపక్కన రెండు బెజ్జాలు పొడిచి, తీగ కొసని ఒకదాంట్లోంచి దూర్చి రెండోదాంట్లోంచి తీస్తే కదలకుండా బిగుసుకుంటుంది. ఆ తరువాత చుట్టు పక్కన చుట్టు, సందు పడకుండా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా చుట్టుకుంటూ పోవాలి. అర మిల్లీమీటరు మందం తీగ అయితే 75 చుట్లు. మధ్యలో ఇంట్లోంచి ఎవరైనా కేకేశారా, లెక్క గోవిందా. చివరికి వచ్చాక కొసల మీది ఎనామెల్‌ని బ్లేడుతో గీకాలి. ఎర్రగా కనిపించేదంతా రాగి అనుకునేవాళ్లకి అక్కడే మొదటి పాఠం: ఎనామెల్ కూడా రాగి రంగులోనే ఉంటుంది. గీకగా గీకగా అడుగున గులాబీ రంగు మెరుపు కనబడితేనే అది లోహం.

అలా చుట్టిన కాయిల్ ఇండక్టెన్సు 240 మైక్రోహెన్రీలకు దగ్గరగా వస్తుంది. దానికి గాంగు కండెన్సరు జత చేస్తే ఆ జంటకి ఒక సహజమైన కంపన వేగం ఏర్పడుతుంది. కండెన్సరులో దాచుకున్న విద్యుత్తు కాయిల్ గుండా పారి అయస్కాంత క్షేత్రంగా మారుతుంది, ఆ క్షేత్రం కూలిపోతూ మళ్లీ కండెన్సరుని రెండో వైపు నుంచి నింపుతుంది. ఈ రాకపోకలు సెకనుకి ఎన్నిసార్లు జరగాలో ఆ రెండింటి విలువలే నిర్ణయిస్తాయి. రెండు తంబురాలు ఒకే శ్రుతిలో ఉంటే ఒకదాన్ని మీటినప్పుడు రెండోది ఎవరూ ముట్టకుండానే సన్నగా పలుకుతుంది. కాయిలూ గాంగూ కలిసి అట్లాంటి రెండో తంబురా. మొదటిది ఆకాశవాణి టవరు.

విజయవాడ కేంద్రం పలికేది 837 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 8,37,000 కంపనాలు. మన కాయిల్‌ని ఆ శ్రుతికి తేవాలంటే గాంగు దాదాపు 150 పికోఫారడ్ల దగ్గర ఆగాలి. మీడియం వేవ్ మొత్తం 540 నుంచి 1600 దాకా పరుచుకుని ఉంది, ఈ కొసకీ ఆ కొసకీ సుమారు మూడు రెట్లు. అయితే సూత్రంలో వర్గమూలం ఉంది కాబట్టి వేగం మూడు రెట్లు కావడానికి కండెన్సరు తొమ్మిదో వంతుకి దిగాలి. గాంగులు 365 పికోఫారడ్ల నుంచి నలభై దాకా దిగేలా తయారు కావడం వెనక ఉన్నది ఈ లెక్కే. ఇది మాకు అప్పుడు తెలియదు. తిప్పుతూ ఉంటే ఒక చోట గొంతు తగులుతుంది, అక్కడ ఆపాలి, అంతవరకే తెలుసు.

ఇక ఏరియల్. డాబా మీద రెండు వెదురుగడలు పాతి, వాటి మధ్య ఇరవై మీటర్ల తీగ లాగి, ఒక కొసని కిటికీలోంచి లోపలికి దించేవాళ్లం. ఎర్తుకి పెరట్లో చేతిపంపు ఉండనే ఉంది. దాని గొట్టం సరాసరి నీళ్ల దాకా దిగి ఉంటుంది గనక కృష్ణా డెల్టాలో అంతకు మించిన ఎర్తు లేదు. పంపు కొడుతున్నప్పుడు తీగ ఊడి రేడియో ఆగిపోయేది, అది వేరే సంగతి.

ఆ తీగలోకి ఎంత విద్యుత్తు వచ్చేదో ఉజ్జాయింపుగా లెక్కకట్టవచ్చు. మా తెనాలి నుంచి విజయవాడ ముప్పై కిలోమీటర్లు. అక్కడి ట్రాన్స్‌మిటరు శక్తి 20 కిలోవాట్లు అనుకుందాం. నేల మధ్యలో ఏమీ మింగకపోతే, తెనాలిలో మీటరుకి 45 మిల్లీవోల్టుల దాకా క్షేత్రం ఉంటుంది. మన ఏరియల్ పొడవు ఇరవై మీటర్లయినా ఎత్తు తక్కువ కాబట్టి దాని ఫలం అయిదు మీటర్లకి మించదనుకుందాం. అయిదుని 45తో గుణిస్తే 225 మిల్లీవోల్టులు. దాదాపు పావు వోల్టు. బ్యాటరీ లేని రేడియోకి ఉన్న పెట్టుబడి ఇంతే.

ఈ పావు వోల్టుని గుర్తుంచుకుంటే కిట్టులో డయోడు ఎందుకు అంత ప్రత్యేకంగా ఉండేదో అర్థమవుతుంది. ఓఏ 79 జెర్మేనియంతో చేసింది. పావు వోల్టు దగ్గర, అంతకు తక్కువలో కూడా, అది విద్యుత్తుని ఒక వైపుకి పోనివ్వడం మొదలుపెడుతుంది. సిలికాన్ డయోడు అట్లా కాదు. 0.6 వోల్టు దగ్గరికి వచ్చేదాకా తలుపు తీయదు. మా వీధిలో ఒక కుర్రాడి గాజు డయోడు వంచుతుంటే పుటుక్కుమంది. దాని బదులు ఎక్కడిదో ఊడదీసిన నల్ల డయోడు వేసుకుని, సెట్టు పలకడం లేదని రేడియో షాపుకి తీసుకుపోయాడు. షాపు బాబాయి సెట్టు తిరగేసి చూసి, "ఏందిరా ఇది? ఇది బ్యాటరీ ఎలిమినేటర్లో వేసే డయోడురా. దీనికి పాటెక్కడ వినపడుద్ది? ఓఏ 79 తెచ్చుకో, పో" అన్నాడు. వోల్టుల లెక్క ఏదీ చెప్పలేదు. చెప్పకపోయినా ఆయన మాటలో మొత్తం ఘనస్థితి భౌతికశాస్త్రం ఉంది.

డయోడు చేసే పని ఏమిటి? విజయవాడ నుంచి వచ్చే తరంగం సెకనుకి ఎనిమిది లక్షల పైచిలుకు సార్లు అటూ ఇటూ ఊగుతుంది. మన చెవి ఇరవై వేలకు మించి వినలేదు. స్టూడియోలో మనిషి మాట్లాడితే ఆ తరంగపు ఎత్తు మాటకి తగ్గట్టు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. వేగం మారదు, ఎత్తే మారుతుంది. ఏఎం అంటే అదే. అయితే ఆ తరంగాన్ని ఉన్నదున్నట్టు ఇయర్‌ఫోనుకి ఇస్తే ఏమీ వినిపించదు, ఎందుకంటే అది ఎంత ముందుకి నెడుతుందో వెంటనే అంతే వెనక్కి లాగుతుంది, సగటు సున్నా. డయోడు ఒక సగాన్ని ఆపేస్తుంది. మిగిలిన సగం ఎప్పుడూ ఒకే దిక్కుకి నెడుతుంది. చిన్న కండెన్సరు ఆ నెట్టుళ్లని కలిపేస్తే మిగిలేది ఎత్తుల్లోని హెచ్చుతగ్గులు, అంటే మనిషి గొంతు. పొద్దున్నే భక్తిరంజని, మధ్యాహ్నం ప్రాంతీయ వార్తలు, సాయంత్రం రైతుల కార్యక్రమం, అన్నీ ఆ ఒక్క గాజు ముక్క విడమరిచి చెప్పేవే.

ఇంత సులువుగా ఎందుకు కుదిరింది? ఒక్క డయోడుతో గొంతు బయటపడేలా తరంగాన్ని అక్కడే సిద్ధం చేసి పంపారు కాబట్టి. దానికి అయిన ఖర్చు చూడాలి. ఏఎంలో మాటని మోసేది వాహక తరంగానికి, అంటే ఆ 837 కిలోహెర్ట్జ్ తరంగానికి, రెండు పక్కలా ఉండే పక్కపట్టీలే. నడుమ ఉన్న వాహక తరంగంలో మాట లేదు, పాట లేదు. పూర్తి మోడ్యులేషన్ జరుగుతున్నప్పుడు కూడా మొత్తం శక్తిలో మూడింట రెండు వంతులు ఆ వాహకానికే పోతాయి. మామూలు మాటల్లో అయితే ఇంకా ఎక్కువే. మిగిలిన వంతులో రెండు పట్టీలూ ఒకే సమాచారాన్ని రెండు సార్లు మోస్తాయి. నిక్కచ్చిగా చూస్తే అవసరమైనది ఆరో వంతే.

ఇంజనీర్లకి ఇది తెలియక కాదు. వాహకాన్నీ, ఒక పట్టీనీ తీసేసి మిగిలిన ఒక్క పట్టీని పంపే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఓడలూ, హామ్ రేడియో వాళ్లూ వాడేది అదే. కాకపోతే ఆ పద్ధతిలో తీసేసిన వాహకాన్ని వినేవాడు తన సెట్టులోనే పుట్టించుకోవాలి, అది కూడా కచ్చితమైన వేగంతో. దానికి ఆసిలేటరు కావాలి, బ్యాటరీ కావాలి, సర్దుబాటు చేసే ఓపిక కావాలి. లక్షల ఇళ్లల్లో ఆ ఖర్చు పెట్టించే బదులు ఒక్క చోట, ట్రాన్స్‌మిటరు దగ్గర, కరెంటు తగలేయడం మేలని ప్రసార సంస్థలు ఎంచుకున్నాయి. పిల్లవాడి సెట్టు తేలిగ్గా ఉండటం కోసం టవరు దగ్గర ప్రసారం ఉన్నంతసేపూ కిలోవాట్లు కాలాయి. కిట్టులో సగం అక్కడ ఉందని నేనన్నది ఇందుకే.

ఈ డయోడు వంశవృక్షంలో ఒక వేరు మన దేశంలోనే ఉంది. కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ గెలీనా స్ఫటికంతో విద్యుత్ తరంగాలను పట్టే సాధనం చేశాడు. 1901లో అమెరికాలో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు, 1904లో 7,55,840వ నంబరు పేటెంటు వచ్చింది. గెలీనా అంటే సీసం, గంధకం కలిసిన ఖనిజం. అప్పటి గుంటూరు జిల్లా అగ్నిగుండాల పక్కన బండ్లమోటులో హిందూస్థాన్ జింక్ వాళ్లు తవ్వింది కూడా ఇదే. 1920లలో రేడియో వెర్రి మొదలైనప్పుడు జనం వాడింది ఇలాంటి రాయినే. దాని మీద సన్నటి తీగ మొనతో వెతుక్కుంటూ, పలికే చుక్క దొరికేదాకా కదుపుతూ కూర్చునేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ ఆంజియో దగ్గర కందకాల్లో ఉన్న అమెరికన్ సైనికులకి రాయి కూడా దొరకలేదు. వాడేసిన బ్లేడు, పెన్సిల్ సీసం ముక్క తాకించి అదే పని చేయించుకున్నారు. ఓఏ 79 లోపల జరిగేదీ ఇదే కథ. జెర్మేనియం ముక్క మీద సన్నని తీగ మొనని ఫ్యాక్టరీలో ఒకసారి ఆనించి గాజులో పెట్టి మూసేశారు. భూతద్దంలో చూస్తే ఆ తీగ వంపు కనిపిస్తుంది.

ఫ్యాక్టరీ అంటే ఇంకో సంగతి చెప్పాలి. 1954లో బెంగళూరు జాలహళ్లిలో మొదలైన భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రేడియో వాల్వులు, 1962లో జెర్మేనియం సెమీకండక్టర్లు తయారు చేయడం ప్రారంభించింది. 1964 నుంచి ఆకాశవాణికి ట్రాన్స్‌మిటర్లు కూడా తయారు చేసింది. బీఈఎల్ అని ముద్ర ఉన్న ట్రాన్సిస్టర్లు మా కిట్లలో వచ్చేవి. అంటే తీగకి ఈ కొసన కుర్రాడి చేతిలో ఉన్న మూడు కాళ్ల లోహపు టోపీకీ, ఆ కొసన టవరుకి ప్రాణం పోసే బీరువాలకీ పుట్టిల్లు ఒకటే. రెండు సగాలూ ఒకే సంస్థ జాబితాలో ఉన్నాయి. ప్రభుత్వ రంగాన్ని తిట్టుకోవడానికి ఎన్ని కారణాలున్నా, ఈ ఒక్క విషయం నాకు ఇష్టం.

టవరు బలం తగ్గితే మన సెట్టు ఏమవుతుందో చరిత్రలోనే ఉదాహరణ ఉంది. మా కోస్తా జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1924లో, మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారాలు మొదలుపెట్టింది. ట్రాన్స్‌మిటరు శక్తి 40 వాట్లు, అంటే ఒక మామూలు పాత సీలింగు ఫ్యాను తినేంత కూడా కాదు. మనం అనుకున్న 20 కిలోవాట్లతో పోలిస్తే అయిదు వందల వంతు. క్షేత్రం శక్తికి వర్గమూలంగా తగ్గుతుంది గనక ఇరవై రెండు వంతుల్లో ఒక వంతు మిగులుతుంది. ముప్పై కిలోమీటర్ల అవతల పావు వోల్టు కాస్తా వోల్టులో నూరో వంతు అవుతుంది. ఆ దూరంలో క్రిస్టల్ సెట్టు పెట్టుకున్నవాడికి వినిపించేది తన గుండె చప్పుడే. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలవడం, ఆ తరువాత దశాబ్దాల్లో ట్రాన్స్‌మిటర్లు పెద్దవవడం జరగకపోతే మా కిట్టుకి తెనాలిలో గిరాకీ ఉండేదే కాదు.

ఆ పెద్ద ఖర్చుకి జనం కూడా కట్టారు. రేడియో ఉన్న ప్రతి ఇల్లూ పోస్టాఫీసుకి వెళ్లి ఏటా లైసెన్సు ఫీజు కట్టాల్సి వచ్చేది. 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ సాధనం దగ్గర ఉంచుకోవడమే అప్పట్లో నేరం. అట్ట గొట్టానికి తీగ చుట్టి చేసినదైనా సాధనం సాధనమే. ఆ లెక్కన మా వీధి వీధంతా నేరస్థులమే. ఫీజు పద్ధతి 1980ల మధ్యకి పోయింది, అప్పటికి మా నేరాలన్నీ అయిపోయాయి.

వినే వైపు కూడా ఒక భాగస్వామి ఉంది, అదీ కవర్లో రాదు. చెవి. మనిషి చెవి వినగలిగిన అతి సన్నని చప్పుడుకి కర్ణభేరి కదిలే దూరం ఒక హైడ్రోజన్ పరమాణువు వ్యాసం కన్నా తక్కువ. అంత సున్నితమైన యంత్రం ఉండబట్టే మైక్రోవాటులో కొంత భాగం దొరికినా వార్తలు వినిపించేవి. ఇయర్‌ఫోను మాత్రం కోస్తాలో బతికేది కాదు. అందులో ఉన్నది రోషెల్ ఉప్పు అనే స్ఫటికం. విద్యుత్తు పెడితే వంగుతుంది, వంగితే విద్యుత్తు ఇస్తుంది. వంగితే విద్యుత్తు ఇచ్చే గుణం ఉన్నట్టు 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టిన పదార్థాల జాబితాలో ఈ ఉప్పూ ఉంది. పేరులోనే చెబుతోంది కదా, ఉప్పు, నీళ్లలో కరుగుతుంది. ఆగస్టు ముసురుకి ఒక్కో ఇయర్‌ఫోను గొంతు పూడుకుపోయేది. బొంబాయి, మద్రాసు కుర్రాళ్లకీ ఇదే బాధ. అనంతపురం వాళ్లకి కొంత నయం.

రాత్రయితే ఇంకో తంటా. పగలు మీడియం వేవ్ తరంగాలను పీల్చేసే వాతావరణపు పొర సూర్యాస్తమయంతో కరిగిపోతుంది. పైనున్న పొరల నుంచి తిరిగొచ్చే దూరపు కేంద్రాలు ఒక్కసారిగా విజయవాడ మీద పడతాయి. ఖరీదైన సెట్టు వాటిని విడదీయగలదు. మన కాయిల్ నుంచి డయోడూ ఇయర్‌ఫోనూ శక్తిని లాక్కుంటాయి గనక దాని శ్రుతి పదును పోతుంది, పక్క పక్క కేంద్రాలు కలిసిపోతాయి. దీనికి మందు కాయిల్ మధ్యలో ఎక్కడో తీగ గీకి అక్కడినుంచి డయోడుకి కలపడం. గొంతు కాస్త తగ్గుతుంది, కానీ కలగాపులగం పోతుంది. రేడియో సిలోన్ తెలుగు పాటల జోలికి మాత్రం ఈ సెట్టు పోలేదు. అవి సముద్రం దాటి షార్ట్ వేవ్‌లో వచ్చేవి, వాటికి మా మేనమామ గారింటి మర్ఫీయే దిక్కు.

సాల్డరింగు గురించి చెప్పకుండా ఈ అధ్యాయం ముగిస్తే నా ఈడువాళ్లు ఊరుకోరు. అరవై పాళ్లు తగరం, నలభై పాళ్లు సీసం కలిసిన తీగ 183 డిగ్రీల దగ్గర మెత్తబడి 190 దగ్గర పూర్తిగా కరుగుతుంది. విడివిడిగా తగరానికి 232, సీసానికి 327 కావాలి. కలిస్తే రెండూ త్వరగా లొంగుతాయి. అతుక్కోవాల్సిన రాగి మీద కంటికి కనపడని చిలుం పొర ఉంటుంది, అది ఉన్నంతసేపూ కరిగిన లోహం ముద్దగా దొర్లుతుందే గానీ పరుచుకోదు. దాన్ని తొలగించేది తీగ నడుమ నింపిన రెసిన్, పైన్ చెట్ల బంక నుంచి తీసినది. వేడిగా ఉన్నప్పుడు ఆమ్లంగా పనిచేసి చిలుం కరిగిస్తుంది, చల్లారాక గట్టిపడి ఊరుకుంటుంది. మంచి జాయింటు నున్నగా మెరుస్తూ కాలు చుట్టూ వాలుగా దిగుతుంది. బుడిపెలా, మసకగా నిలబడితే అది డ్రై సాల్డరు. తట్టినప్పుడు పలుకుతుంది, చెయ్యి తీస్తే ఆగిపోతుంది.

ఆ వాసన సీసానిది అనుకుంటారు చాలామంది. కాదు. సీసం ఆవిరి కావడానికి 1700 డిగ్రీలకు పైగా కావాలి. ముక్కుకి తగిలేది బంక పొగ. అలవాటుగా పీలిస్తే ఉబ్బసం తెస్తుందని తరువాత తేలింది, కాబట్టి దాని మీద మరీ ప్రేమ పెంచుకోనక్కర్లేదు. అయినా ఎక్కడైనా సెల్‌ఫోన్ రిపేరు కొట్టు ముందు ఆ వాసన తగిలితే యాభై దాటినవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. వాసనల దారి మెదడులో మిగతా ఇంద్రియాల దారిలాంటిది కాదు. నడుమ మజిలీ పెద్దగా లేకుండా, ఉద్వేగాలనూ జ్ఞాపకాలనూ చూసుకునే భాగాల దగ్గరికి చేరిపోతుంది. మధ్యవయసు దాటినవాళ్లను జ్ఞాపకాలు చెప్పమంటే పదేళ్లకూ ముప్పైకీ నడుమ జరిగినవే మిగతా వయసుల కన్నా ఎక్కువగా చెబుతారని మనస్తత్వ శాస్త్రవేత్తలు పదే పదే గమనించారు. కిట్టులు ఆ కాలంలోనే కట్టాం. పైగా మన చేత్తో చేసిన వస్తువుకి మనం ఎక్కువ విలువ కడతాం. 2012లో నార్టన్, మోచోన్, ఏరియెలీ ప్రచురించిన ప్రయోగాల్లో తాము మడిచిన కాగితపు బొమ్మలకి జనం, నిపుణులు మడిచిన వాటికి ఇచ్చినంత విలువ ఇచ్చారు. చూసేవాళ్లకి మాత్రం అవి నలిగిన కాగితాలే. చేతులు పెట్టిన సగం అట్లా గుర్తుండిపోతుంది. చెయ్యి పెట్టని సగం, ముప్పై కిలోమీటర్ల అవతల ఎవరో షిఫ్టు డ్యూటీలో మీటర్లు చూసుకుంటూ నడిపిన సగం, జ్ఞాపకంలోకి రానేరాదు.

అమెరికాలో ఇదే కథ ఇంకో రకంగా నడిచింది. హీత్ కంపెనీ మొదట విమానం కిట్లు అమ్మింది. యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న పరికరాలను గుత్తగా కొని, 1947లో 39 డాలర్ల 50 సెంట్లకి ఆసిలోస్కోపు కిట్టు వదిలింది. అందులోని పిక్చర్ ట్యూబు కొత్తగా చేయించాల్సి వస్తే ఆ ధర కుదిరేదే కాదు. అక్కడ లేని సగం యుద్ధపు గిడ్డంగి. 1992లో వాళ్లు కిట్ల వ్యాపారం మానేసే నాటికి మిషన్ల మీద అతికించిన బోర్డులు చేత్తో కట్టిన వాటికన్నా చవకయ్యాయి. మన దగ్గర కిట్టు చచ్చిపోయిన కారణం అది ఒక్కటే కాదు, ఇక్కడ టవరు కూడా మారుతోంది.

ఎఫ్ఎంలో తరంగం ఎత్తు మారదు, వేగం మారుతుంది. ఎత్తు చూసి మాట పట్టే డయోడుకి అక్కడ పని లేదు. వంద మెగాహెర్ట్జ్ దగ్గర 75 చుట్ల కాయిల్‌తోనూ పని లేదు, అయిదారు చుట్లు చాలు. ఎఫ్ఎం కన్నా పెద్ద మార్పు డిజిటల్ ప్రసారం. ఆకాశవాణి మీడియం వేవ్‌లో ముప్పైకి పైగా కేంద్రాల్లో డీఆర్ఎం అనే డిజిటల్ పద్ధతికి తగిన ట్రాన్స్‌మిటర్లు పెట్టింది. అందులో వాహకాన్ని మోసే దుబారా లేదు. తక్కువ కరెంటుతో అంతే దూరం, ఇంకా తేటగా వినిపిస్తుంది, ఒకే పట్టీలో రెండు కార్యక్రమాలు కూడా పంపవచ్చు. ఇంజనీరుగా చూస్తే కాదనడానికి ఏమీ లేదు. కానీ దాన్ని విప్పడానికి సెకనుకి లక్షల గుణకారాలు చేసే చిప్పు ఉండాలి. బరువంతా టవరు నుంచి వినేవాడి సెట్టు మీదికి దిగింది. జర్మనీ, ఫ్రాన్సు చివరికి ఆ దారిన పోలేదు. 2015 చివరికల్లా తమ ప్రభుత్వ రేడియోల మీడియం వేవ్‌నే కట్టేశాయి.

ఇప్పటికీ కట్టి చూద్దామనుకునేవాళ్లకి వస్తువులు దొరుకుతాయి. ఓఏ 79 దొరక్కపోతే షాట్కీ డయోడు వేయవచ్చు, అది సిలికాన్‌తో చేసినదే అయినా లోహాన్ని ఆనించిన పద్ధతి వల్ల 0.2, 0.3 వోల్టుల దగ్గరే తలుపు తీస్తుంది. క్రిస్టల్ ఇయర్‌ఫోను బదులు ఇప్పుడు ఉప్పు లేని సిరామిక్ రకం వస్తోంది, వానాకాలం భయం లేదు. సెల్‌ఫోను ఇయర్‌ఫోను తగిలించకండి, దాని 32 ఓములు మొత్తం శక్తిని మింగేస్తాయి. నడుమ పాత ట్రాన్సిస్టరు రేడియోలోంచి తీసిన అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు పెడితే పరవాలేదు. గాంగు దొరకడమే కష్టం, పాత సామాను కొట్లలో వెతకాలి.

ఇవన్నీ కొనేముందు ఒక పని చేయండి. ఇంట్లో అటక మీద ఏ పాత ట్రాన్సిస్టరు ఉన్నా దింపి, కొత్త సెల్లులు వేసి, పట్టపగలు మీకు దగ్గరి కేంద్రం మీద పెట్టండి, విజయవాడ అయితే 837, హైదరాబాదు అయితే 738. మనిషి గొంతు వినిపిస్తే అట్ట గొట్టం వెతుక్కోవచ్చు. సన్నటి, ఆగని హోరు ఒక్కటే వినిపిస్తుంటే అది డిజిటల్ ప్రసారమో, ప్రసారమే లేకపోవడమో, డయోడు దాన్నుంచి ఒక్క అక్షరం కూడా తీయలేదు. అప్పుడు కోఠీ దాకా పోవడం ఆటో డబ్బులు దండగ.